నామం రాయి దాకా

మా ఆయన చెప్పిన ప్రకారం ఆయన ఆ కొండ ఎక్కింది ఒక్కసారి. ఆ ఒక్కసారిని నేను పదకొండు సార్లు చూశాను, స్లైడ్లలో.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. డెన్వర్ పక్కన ఒక అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో ఉండేవాళ్లం. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు మొత్తం తొమ్మిది. నెలకోసారి ఎవరో ఒకరింట్లో భోజనాలు, తలా ఒక వంట పట్టుకెళ్లడం. ఆడవాళ్లం లేత వంకాయలు ఏ కొట్లో దొరికాయో చెప్పుకునేవాళ్లం. మగవాళ్లు గ్రీన్ కార్డుల గురించి మాట్లాడుకునేవారు. పాయసం అయ్యాక ఎవరో ఒకరు మర్యాదకి, "ఏమండీ, ఆ కొండ ఫొటోలు తెచ్చారా?" అనేవారు. తేకపోవడమేమిటి! ప్రొజెక్టరు మా కారు డిక్కీలోనే కాపురం పెట్టింది. గోడకి తెల్ల దుప్పటి కట్టేవారు, లైట్లు ఆర్పేవారు, గుండ్రటి ట్రే తిరిగి టక్కు టక్కున ఒక్కో బొమ్మా పడేది. కొండ కింద ఈయన. చెరువు పక్కన ఈయన. మంచు మీద ఈయన. చివర్లో అసలుది: ఒక పెద్ద బూడిదరంగు బండ, దాని నుదుట నిలువునా తెల్లటి చార, నామం దిద్దినట్టు. ఆ బండ పక్కన రెండు చేతులూ పైకెత్తి ఈయన. వెనకంతా మబ్బు.

"ఫోర్టీన్ థౌజండ్ ఫీట్ అండీ," అనేవారు చీకట్లోంచి. "అక్కడ ఆక్సిజన్ సగమే ఉంటుంది."

పిల్లలు "వావ్, అంకుల్!" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ముందు సంవత్సరం ఆఫీసులో ఇద్దరు అమెరికన్లతో కలిసి వెళ్లారు ఆయన. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి కట్టిచ్చింది నేను. ఆ పులిహోర ఏ స్లైడులోనూ లేదు.

నా సంగతి ముందే చెప్పేస్తాను, నాకు ముక్కు మీద కోపం. ఆ ఉగాది భోజనాల్లో, బండ బొమ్మ పడగానే, ఎవరో కొత్త పెళ్లికూతురు పాపం అమాయకంగా, "ఆంటీని కూడా తీసుకెళ్లలేదా అంకుల్?" అని అడిగింది. ఈయన నవ్వి, "మీ ఆంటీయా! మా మూడంతస్తులు ఎక్కితేనే ఆయాసపడుతుంది. తన వల్ల అయ్యే పని కాదమ్మా," అన్నారు. అందరూ నవ్వారు. నేను లేచి లైటు వేశాను.

"వచ్చే దీపావళి లోపల నేనా కొండ ఎక్కుతాను," అన్నాను. "ఎక్కితే ఆ ట్రే క్లోజెట్‌లోకి పోవాలి, మళ్లీ బయటికి రాకూడదు. ఎక్కలేకపోతే, మీరు స్లైడ్లు వేసినప్పుడల్లా ముందు వరసలో కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా, నోరు మెదపకుండా చూస్తాను."

"నువ్వా? నోరు మెదపకుండానా?" అన్నారు ఈయన. కొండ సంగతి కంటే ఆ సంగతికే ఎక్కువ నవ్వారందరూ.

మాలో పెద్దావిడ, డాక్టరు గారి భార్య, "సరే అమ్మాయ్, మేమందరం సాక్ష్యం," అంది. ఇంకేముంది, ఇరుక్కున్నాను. తొమ్మిది కుటుంబాల ముందు అన్న మాట. మర్నాటి నుంచీ ఎవరు ఫోన్ చేసినా, "ఏమ్మా, ప్రాక్టీస్ ఎంతవరకొచ్చింది?" అనే పలకరింపు.

ప్రాక్టీసు చేశాను, నిజంగానే. ఇరవై పౌండ్ల బియ్యం సంచీ భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. నాలుగో రోజు కింద ఇంటి ముసలావిడ తలుపు తీసి, ఇల్లు ఖాళీ చేస్తున్నావా, సాయం కావాలా అని అడిగింది. బూట్లు కొనడానికి వెళ్తే నా కాలికి సరిపోయేవి ఆడవాళ్ల వైపు లేవు, మగపిల్లల వైపు దొరికాయి. వాటి మడమల మీద రాకెట్ బొమ్మలు ఉండేవి. ప్యాంటు ఈయనదే, కింద మడిచి బెల్టు బిగించాను. తలకి ఇండియా నుంచి తెచ్చుకున్న ఎర్రటి మంకీ క్యాప్. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఈయన మాత్రం నవ్వలేదు. ఆగస్టు దగ్గర పడేకొద్దీ ఆయన నవ్వడం తగ్గిందని తర్వాత గుర్తొచ్చింది. "వచ్చే ఏడు వెళ్దాంలే, తొందరేముంది," అని రెండు మూడు సార్లు అన్నారు. భయపడుతున్నారు, ట్రే పోతుందని, అనుకున్నాను.

ఆగస్టులో ఒక శనివారం, తెల్లవారుతుండగా కొండ కింద బయల్దేరాం. అక్కడి లెక్క ఒకటే: మధ్యాహ్నం కాకముందే పైకెళ్లి దిగిపోవాలి. తర్వాత ఉరుములు, పిడుగులు. మొదటి రెండు గంటలూ పైన్ చెట్ల మధ్య హాయిగా నడిచాం. చెరువు దగ్గర ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలతో కూర్చుని బిస్కెట్లు తింటోంది. ముగ్గురికీ ఒకే రకం పసుపు రంగు వానకోట్లు. నా మంకీ క్యాప్ చూసి చిన్నది నవ్వింది, నేను చెయ్యి ఊపాను. వాళ్లు ఆగి ఆగి, మెల్లగా మా వెనక వస్తున్నారు.

చెరువు దాటాక చెట్లు అయిపోయాయి. ఇక రాళ్లే. రాళ్ల సందుల్లోంచి కుక్కర్ కూసినట్టు ఒక కూత వినపడింది. పందికొక్కంత జంతువు ఒకటి నిలబడి మమ్మల్ని చూస్తోంది. గాలి పలచనై సంచీలో చిప్స్ పాకెట్ పూరీలా పొంగిపోయింది. నాలుగడుగులు వేస్తే రెండు నిమిషాలు నిలబడాలి. ఈయనకి నాతో సమానంగా నడిచే ఓపిక ఎప్పుడూ లేదు, ఎప్పుడూ ముందే.

అక్కడ చూశాను, దారి పక్కన రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కొంత దూరం పోతే మరొకటి. ఇంకొంచెం పైన ఇంకొకటి. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మా ఊరి కొండ మీద గుడికి నడిచి వెళ్లేవాళ్లు మెట్ల పక్కన సరిగ్గా ఇలాగే రాళ్లు పేరుస్తారు. సొంత ఇల్లు కావాలని మొక్కుకుని పేరుస్తారు. ఎన్ని రాళ్లు నిలబడితే అన్ని అంతస్తులు అంటారు. మా అమ్మ మూడు పేర్చింది, మూడోది పడిపోయింది, రెండంతస్తులు కాదు గానీ మాకు రెండు గదుల ఇల్లు దక్కింది. 'పోనీలే, ఈ దేశం వాళ్లకి కూడా ఇల్లంటే ఇంత ఆశ ఉందన్నమాట,' అనుకున్నాను. మూడో అంతస్తు అద్దె ఇంట్లో అయిదేళ్లుగా ఉంటున్నదాన్ని, నాకు మాత్రం ఆశ ఉండదా?

దారి ఒకచోట ఎడమకి తిరిగింది. కుడివైపు చదునుగా, అరుగులా ఒక బండ, దాని మీద పొద్దుటి ఎండ. అక్కడ కూర్చుని ఊపిరి తీసుకుంటూ చూద్దును కదా, నేరుగా తూర్పు! ఇంతకంటే మంచి స్థలం ఏముంటుంది? చుట్టూ పలకరాళ్లు బోలెడు. ఏడు రాళ్లు పేర్చాను, మోకాలెత్తున, ఒక్కటి కదలకుండా. ఇల్లయింది. మరి వంటిల్లు? వంటిల్లు ఆగ్నేయాన ఉండాలి కదా. పది పన్నెండు అడుగులు అటు వెళ్లి, ఇంకో నాలుగు రాళ్లు పేర్చి, దండం పెట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావోయ్ అక్కడ?" అని పైనుంచి అరిచారు ఈయన.

"ఊపిరి పీలుస్తున్నాను!" అని అరిచాను. చెప్తే దీపావళి దాకా ఆటపట్టిస్తారని నాకు తెలుసు.

ఇంకో గంటన్నర. ఆఖరి ఎత్తు చేతులతో పట్టుకుని పాకాను. తలెత్తేసరికి ఎదురుగా, నా కళ్లను నేను నమ్మలేదు, బూడిదరంగు బండ, నుదుట తెల్లటి నామం! పదకొండు సార్లు చూసిన బండ. గబగబా వెళ్లి దాన్ని వాటేసుకున్నాను.

"వచ్చేశానండీ! ఎక్కేశాను! తీయండి ఫొటో! ట్రే క్లోజెట్‌లోకే!"

ఆయన కెమెరా తీయలేదు. కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నారు. ఆ తాడు ఊడలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ముడి విప్పి మళ్లీ కడుతున్నారు. అప్పుడు బండ వెనక్కి వెళ్లి చూశాను. అటువైపు కొండ ఇంకా పైకి వెళ్తోంది. సన్నటి గట్టు, దాని చివర ఇంకో మొన, దాని మీద చీమల్లా ఇద్దరు మనుషులు చేతులూపుతున్నారు.

"ఏమండీ, అదేమిటి?"

"అదీ... అది కూడా శిఖరమే."

"అది కూడానా? ఒక కొండకి ఎన్ని శిఖరాలుంటాయేం?"

ఆయన తలెత్తలేదు. "పోయినేడు ఇక్కడికొచ్చేసరికి నొప్పితో తల పగిలిపోయింది. రెండు సార్లు వాంతి అయింది. వాళ్లిద్దరూ వెళ్లొచ్చారు, నేనిక్కడే కూర్చున్నాను. తిరిగొచ్చాక ఫొటో తీశారు. ఆ ఫొటో చూసి మీరందరూ శిఖరం అనుకున్నారు. నేను కాదనలేదు."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను. "పదకొండు సార్లు! నెలనెలా నన్ను చీకట్లో కూర్చోబెట్టి! సగం ఆక్సిజనట!" అని అరుస్తుంటే ఆయాసం వచ్చి మధ్యలో ఆపాల్సి వచ్చింది. లోపల మాత్రం పండగే. ఆ మొన దాకా మహా అయితే ఇరవై నిమిషాలు. నేనెక్కితే ఒట్టి గెలుపు కాదు, మా తెలుగువాళ్లలో ఆ కొండెక్కిన మొదటి మనిషిని నేనే. తలనొప్పి లేదు, ఏమీ లేదు. బియ్యం సంచీ పుణ్యం.

అప్పుడే పైనుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని దిగి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగి, ఇంగ్లీషులో చెప్పాడు: వెళ్తే త్వరగా వెళ్లి రండి, మబ్బు వస్తోంది, దిగేటప్పుడు దారి కనపడకపోతే కంగారు పడకండి, పేర్చిన రాళ్లు చూసుకుంటూ ఒకదాని నుంచి ఒకదానికి వెళ్లండి, దారి చూపడానికే అవి, చెరువు పైన మలుపు దగ్గర మాత్రం జాగ్రత్త, తూర్పు వైపు అంతా లోయే.

"ఆ రాళ్లు... అన్నీ దారి కోసమేనా?" అని అడిగాను.

ఇంక దేనికోసం పెడతారమ్మా అన్నట్టు చూసి, టోపీ సర్దుకుని దిగిపోయాడు.

"ఏమండీ," అన్నాను. "నేను పెట్టాను."

"ఏం పెట్టావ్?"

"రాళ్లు. ఆ మలుపు దగ్గర. తూర్పు ముఖంగా. రెండు."

"రెండా? ఎందుకు?"

"ఒకటి ఇంటికి. ఒకటి వంటింటికి."

కిందకి చూశాం. చెరువు వైపు నుంచి తెల్లటి మబ్బు కొండనానుకుని పైకి వస్తోంది. అందులో ఎక్కడో పసుపు కోట్ల ముగ్గురూ ఉన్నారు.

"నువ్వు పైకెళ్లు," అన్నారాయన. "నేను దిగి పడగొట్టేస్తాను."

"మబ్బులో మీకేం కనపడుతుంది? ఆ మలుపు కాదనుకుని ఇంకో మలుపు దగ్గర వెతుకుతారు. పైగా ఏవి నావో, ఏవి వాళ్లవో మీకు తెలుసా?"

ఆ మొన వైపు చూశాను. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. అయిదు నెలల మెట్లు, రాకెట్ బూట్లు, అందరి ముందూ అన్న మాట, అన్నీ అక్కడే కనిపిస్తున్నాయి, ఇరవై నిమిషాల దూరంలో. నన్ను నేను తిట్టుకుని, వంటిల్లు ఆగ్నేయాన ఉండాలన్నవాళ్లని కూడా తిట్టి, వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాక వెనక బూట్ల చప్పుడు.

"మీరెందుకు? మీరైనా వెళ్లండి, ఈసారి నిజంగా ఎక్కండి."

"వెళ్తే ఫొటో ఎవరు తీస్తారు?" అన్నారు.

ఎక్కడానికి గంటన్నర పట్టిన దారి, సగం టైములో దిగాం. రెండు సార్లు చతికిలబడ్డాను. మలుపు దగ్గరికొచ్చేసరికి మబ్బు మమ్మల్ని కమ్మేసింది, పది అడుగుల అవతల ఏమీ తెలియడం లేదు. అరుగు బండ మీద నా ఏడంతస్తుల ఇల్లు, దాని పక్కన తల్లీ, చిన్నపిల్లా. పెద్దపిల్ల దారి వెతకడానికి ముందుకి వెళ్లింది. మబ్బులో పసుపు రంగు మాత్రం కనపడుతోంది, నేరుగా నా వంటింటి వైపు.

"అమ్మాయ్! ఆగు! ఆగవే!" అని అరిచాను. ఇంగ్లీషు ఒక్క ముక్క నోటికి రాలేదు. ఆ పిల్లకి తెలుగు రాదు గానీ, ఆ గొంతు విని ఉన్న చోటే బిగుసుకుపోయింది. వెళ్లి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. వంటింటికి అవతల నాలుగు అడుగులు ఉందో లేదో, ఆ తర్వాత నేల లేదు.

తల్లి పిల్లని దగ్గరికి తీసుకుని నన్నే చూస్తోంది. చెప్పక తప్పలేదు. తలొంచుకుని, వచ్చీ రాని ఇంగ్లీషులో, ఇది దారి కాదు, నేను పెట్టినవి, మా ఊళ్లో ఇల్లు కావాలని ఇలా పేరుస్తారు, క్షమించండి అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్నే. ఆవిడ రెండు పోగుల్నీ చూసి, మరి గరాజ్ ఏదీ అని అడిగింది. ముందు ఈయన నవ్వారు. తర్వాత అందరం నవ్వాం.

వడగళ్లు మొదలయ్యాయి. ఏడంతస్తులూ నా చేత్తోనే పడగొట్టాను. ఒక్కో రాయీ దూరంగా విసిరేస్తూ, 'ఇంద ఇల్లు, ఇంద తూర్పు ముఖం, ఇంద వంటిల్లు,' అంటూ. ఈయన కెమెరా ఎప్పుడు తీశారో చూసుకోలేదు. అయిదుగురం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, సిసలైన రాళ్ల పోగుల వెంట చెరువు దాకా దిగాం. చెట్ల కింద ఆ పిల్లలకి పులిహోర పెట్టాను. చిన్నది మిరపకాయ కొరికి గంతులేసింది, పెద్దది డబ్బా ఖాళీ చేసింది. తర్వాతి ఆగస్టులో మేమిద్దరం మళ్లీ వెళ్లాం. అందులో చెప్పుకోవడానికేమీ లేదు: ఎండ కాసింది, ఎక్కాం, తిన్నాం, దిగాం.

చెప్పుకోవలసింది ఆ దీపావళి సంగతి. డాక్టరు గారింటి బేస్‌మెంట్‌లో తొమ్మిది కుటుంబాలూ చేరాయి. గుమ్మంలోనే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మాయ్, ఎక్కావా?" అంది.

అడిగినవాళ్లందరికీ 'దీపావళికి చెప్తాను' అని దాటేస్తూ వచ్చాను గానీ, రెండు నెలలుగా ఆ ప్రశ్నకి జవాబు నోట్లో నానుతూనే ఉంది. 'నేనెక్కలేదు, ఈయనా ఎక్కలేదు,' అనే జవాబు. ఒక్క మాట చాలు. కారులో వస్తున్నంతసేపూ ఈయన ఒక్కసారి కూడా చెప్పొద్దని అడగలేదు. ప్రొజెక్టరు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు, డ్రైవ్ చేసింది నేను. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో.

"ఎక్కలేదండీ," అన్నాను.

"అయ్యో!" అన్నారందరూ. అయ్యో అంటూనే ముందు వరసలో కుర్చీ లాగి వేశారు. కూర్చున్నాను. లైట్లు ఆరాయి. చెరువు వచ్చింది, మంచు వచ్చింది. నామం రాయి వచ్చింది, చేతులెత్తి ఈయన వచ్చారు. పిల్లలు "వావ్, అంకుల్!" అన్నారు. ఫోర్టీన్ థౌజండ్ ఫీట్ కోసం ఎదురు చూశాను. రాలేదు. ప్రొజెక్టరు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

"నేనూ ఎక్కలేదండీ," అన్నారు చీకట్లోంచి.

తలనొప్పి, వాంతులు, ఆ ఇద్దరు అమెరికన్లు, అన్నీ చెప్పారు. డాక్టరు గారి భార్య, "మరి ఏడాది పైనుంచీ మాకు చూపించిందేమిటయ్యా బాబూ!" అంది. ఆ నవ్వులకి పై అంతస్తులో నిద్రపోతున్న పసిపిల్ల లేచి ఏడ్చింది.

"ఒక్క నిమిషం," అన్నారు ఈయన. "ఇంకో స్లైడుంది." టక్కుమంది.

దుప్పటి నిండా నేను. మంకీ క్యాప్ పక్కకి తిరిగిపోయి, వడగళ్లలో, రెండు చేతుల్లో రెండు రాళ్లు, నోరు ఇంత తెరిచి.

"ఎవర్ని తిడుతున్నావమ్మాయ్ అక్కడ?" అని అడిగింది పెద్దావిడ.

చెప్పడానికి నోరు తెరిచాను. పందెం గుర్తొచ్చి మూసేశాను. కథంతా ఆయనే చెప్పారు: తూర్పు ముఖం, ఏడంతస్తులు, వంటిల్లు, పసుపు కోటు పిల్ల, నేను వెనక్కి తిరిగిన చోటు. ముందు వరసలో కూర్చుని, ఎక్కడైనా తేడా వస్తే పట్టుకుందామని చెవులు రిక్కించి విన్నాను. ఒక్క ముక్క కూడా కల్పించలేదు.